మన సంస్థ వల్ల ఎన్ని కుటుంబాలు పేదరికం నుంచి బయటపడ్డాయో లెక్క కట్టడం ఎలా?

ప్రశ్న: గజపతినగరం కార్యకర్త

అందరికీ నమస్కారం. విజయనగరం జిల్లాలో గజపతినగరం చుట్టుపక్కల కొన్ని గ్రామాలలో పనిచేసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో తొమ్మిదేళ్లుగా క్షేత్ర కార్యకర్తగా ఉన్నాను. కుట్టు శిక్షణ, పాడి పశువులకు అప్పులు, పెరటి కోళ్ల పెంపకం, పదవ తరగతి తప్పిన పిల్లల చేత మళ్లీ పరీక్ష రాయించడం మా పనులు. మాకు నిధులిచ్చే దాతలు ఈ ఏడాది నివేదిక నమూనాలో ఒక కొత్త గడి చేర్చారు. దాని శీర్షిక ‘ఈ సంవత్సరం పేదరికం నుంచి బయటపడిన కుటుంబాల సంఖ్య’. ఇంతకాలం ఎన్ని మిషన్లు ఇచ్చాము, ఎందరికి శిక్షణ ఇచ్చాము, ఎన్ని సమావేశాలు జరిపాము అని రాస్తే సరిపోయేది. ఈ గడిలో ఏమి రాయాలో తెలియక రెండు వారాలుగా ఆ కాగితాన్ని సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాను.

ఒక ఇంటి సంగతి చెబితే నా చిక్కు మీకు అర్థమవుతుంది. మా దగ్గర కుట్టు నేర్చుకున్న ఒకావిడ మిషను కొనుక్కుని ఇంటి వద్దే జాకెట్లు, బడిపిల్లల దుస్తులు కుడుతున్నారు. అంతకుముందు ఆమె భర్త ఏటా సంక్రాంతి వెళ్లగానే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని చెన్నైలో భవనాల పనికి వలసపోయేవాడు. ఆమె కుట్టుపని నిలదొక్కుకున్నాక రెండేళ్లుగా ఊళ్లోనే ఉంటున్నాడు. శ్లాబు ఇల్లు, గ్యాసు, మరుగుదొడ్డి, కరెంటు, బ్యాంకు ఖాతా అన్నీ ఉన్నాయి, పిల్లలిద్దరూ బడికి వెళుతున్నారు. నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచికలోని 12 అంశాలు వరసగా టిక్కు పెట్టుకుంటూ పోతే ఆ ఇల్లు పేద ఇల్లు కానే కాదు. నా రిజిస్టరులోనూ ‘ఆదాయం పెరిగినది: అవును’ అనే ఉంది.

మొన్న ఆషాఢంలో వెళ్లినప్పుడు మిషను మీద గోనెసంచి కప్పి ఉంది. పెళ్లిళ్లు లేని నెల కదా, పని లేదు కాబోలు అనుకున్నాను. మాటల మధ్యలో ఆమె సంచి పైకెత్తి చూపించారు. కింద బల్ల, తొక్కుడు పలక మాత్రమే ఉన్నాయి, మిషను తల లేదు. అత్తగారు జారిపడి తుంటి ఎముక విరిగితే ఆపరేషను ఉచితంగానే జరిగింది కాని, విశాఖపట్నంలో పద్దెనిమిది రోజులు ఇద్దరు మనుషులు ఉండవలసి రావడం, ఆటోలు, బయట కొన్న మందులు, ఆ రోజుల కూలి నష్టం కలిసి ఇంట్లో ఉన్నదంతా ఊడ్చుకుపోయాయట. చెవి దిద్దుల తరువాత మిషను తల కూడా షావుకారు దగ్గరకు చేరింది. ఈ కుటుంబాన్ని నేను ఆ గడిలో లెక్కించాలా, వద్దా?

ఇంకొక సందేహం కూడా ఉంది. ఆ ఇంటికి మా శిక్షణ ఒక్కటే అందలేదు. ఆమె డ్వాక్రా సంఘ సభ్యురాలు, బ్యాంకు లింకేజీ అప్పు ఉంది; ఊరిలో కొందరు 2025 ఉగాదినాడు మొదలైన పి4 (ప్రభుత్వం, ప్రైవేటు, ప్రజలు కలిసి పేదరికం తొలగించాలన్న రాష్ట్ర కార్యక్రమం) కింద బంగారు కుటుంబాల, అంటే సాయానికి ఎంపికైన పేద కుటుంబాల, జాబితాలోనూ ఉన్నారు. ఎవరి నివేదిక వారు రాసుకుంటే ఒకే కుటుంబం మూడు కార్యాలయాలలో మూడుసార్లు పేదరికం నుంచి బయటపడుతుంది. ఇలాంటి పనిలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: శ్రీకాకుళం, పాత వెలుగు ఉద్యోగిని

బాబూ, మీ ప్రశ్న చదువుతుంటే ఇరవై ఏళ్ల కిందటి మా ఆఫీసు గుర్తుకొచ్చింది. 2000 సంవత్సరంలో ప్రపంచ బ్యాంకు సహాయంతో, మహిళా సంఘాల ద్వారా పేదరికం తగ్గించే వెలుగు పథకం ఆరు జిల్లాలలో మొదలైనప్పుడు ఆదిలాబాదు, మహబూబ్‌నగర్, అనంతపురం, చిత్తూరులతో పాటు మన శ్రీకాకుళం, విజయనగరం కూడా అందులో ఉన్నాయి. అప్పట్లో పేదలెవరో మేము నిర్ణయించేవాళ్లం కాదు. రామమందిరం దగ్గరో, రచ్చబండ దగ్గరో ముగ్గుపిండితో ఊరి పటం గీసి, ఒక్కొక్క ఇంటినీ చూపిస్తూ ‘ఈ ఇల్లు నిరుపేదా, పేదా, మధ్యతరగతా’ అని ఊరివాళ్లనే అడిగేవాళ్లం. కొన్ని ఊళ్లలో మాటకారులు తమ ఇంటిని ఒక మెట్టు కిందికి దించుకోవడం జరిగేది, నిజమే. అయినా ఆ పటం ముందు కూర్చున్న ముసలమ్మలు వేసిన ప్రశ్నలకు సాటి వచ్చే ప్రశ్నావళిని నేను తరువాత ఎక్కడా చూడలేదు. ‘వాళ్లింట్లో శ్రావణంలో రెండు పూటలా పొయ్యి వెలుగుతుందా?’ అని ఒకావిడ అడిగితే, దానికి ఊరంతటికీ జవాబు తెలుసు.

మీరు ఆదాయం అడగడం మానేయండి. నెలకు ఎంత వస్తుందని అడిగిన క్షణంలోనే బియ్యం కార్డు పోతుందేమోనన్న భయం మొదలవుతుంది, మీకు వచ్చే అంకె ఆ భయానికి తగినట్టే ఉంటుంది. దానికి బదులు సంఘం అప్పుల లెడ్జరు చూడండి. సంఘం కొత్తగా పెట్టిన రోజుల్లో అప్పులన్నీ బియ్యానికి, జ్వరానికి, చావు ఖర్చుకు పోతాయి. ఇల్లు కొద్దిగా కుదుటపడ్డాక పిల్లల ఫీజులకు, పాత చేబదుళ్లు తీర్చడానికి తీసుకుంటారు. ఆ తరువాతే గేదె, కౌలు భూమి, కొట్టు. ఒకే సభ్యురాలి పేరు పట్టుకుని నాలుగైదేళ్ల పేజీలు తిరగేస్తే ఆ ఇల్లు ఎక్కినదీ దిగినదీ మీకే కనిపిస్తుంది.

అయితే ఒక జాగ్రత్త. ‘అప్పు దేనికి’ అన్న గడిలో రాసినదంతా నమ్మకండి. బ్యాంకుకు నచ్చుతుందని ఎక్కువ మంది గేదె అని రాయిస్తారు. లెడ్జర్లలో ఉన్న గేదెలన్నీ నిజంగా ఉండి ఉంటే మన జిల్లాలో నాగావళితో పాటు పాల ఏరు ఒకటి పారేది. సమావేశం అయిపోయి అందరూ లేచాక, గ్రామ సంఘం లెక్కలు రాసే అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే ఏ గేదె గేదెయో, ఏ గేదె ఆసుపత్రి బిల్లో చెబుతుంది.

జవాబు: రాజాం నుంచి వెళ్లి అమెరికాలో పనిచేస్తున్నవాడు

మాది రాజాం. ప్రస్తుతం అమెరికాలో ఇలాంటి ఒక సామాజిక సంస్థలోనే లెక్కల విభాగంలో పనిచేస్తున్నాను కనుక అక్కడి పద్ధతి కొంత చెప్పగలను. అక్కడ 1964లో అధ్యక్షుడు జాన్సన్ ప్రభుత్వం పేదరికంపై యుద్ధం ప్రకటించినప్పుడు వచ్చిన చట్టంతో ఊరూరా పేదలకు సేవలందించే కమ్యూనిటీ యాక్షన్ సంస్థలు ఏర్పడ్డాయి. ఇప్పుడు అవి దేశమంతటా దాదాపు వెయ్యి ఉన్నాయి. వాటి పాలక మండలిలో మూడో వంతు ఎన్నికైన ప్రజాప్రతినిధులు, కనీసం మూడో వంతు ఆ ప్రాంతపు పేదల తరఫు ప్రతినిధులు ఉండాలన్నది చట్టపు నియమం. 1981 నుంచి వాటికి బ్లాక్ గ్రాంటుగా, అంటే రాష్ట్రాలకు ఇచ్చే ఏకమొత్తపు గ్రాంటు ద్వారా, నిధులు వస్తున్నాయి. మీ దాతలు మిమ్మల్ని ఇప్పుడు అడిగిన ప్రశ్ననే ప్రభుత్వం ఆ సంస్థలను 1990లలో అడిగింది. 1993లో కేంద్ర ప్రభుత్వ శాఖలన్నీ తమ పనికి ఫలితాలు చూపాలన్న చట్టం రాగా, మరుసటి సంవత్సరం ఈ సంస్థల కోసం ‘రోమా’ అనే పద్ధతి మొదలైంది. ఫలితాల మీద దృష్టి పెట్టి నిర్వహణ, జవాబుదారీ సాగించాలన్నది ఆ పేరులోని అక్షరాల సారాంశం.

అందులో మీకు పనికివచ్చే విషయాలు రెండు కనిపిస్తున్నాయి. మొదటిది, చేసిన పనిని, దాని వల్ల వచ్చిన మార్పును వేర్వేరు గడులలో రాయడం. మిషను ఇవ్వడం మీ పని, మేస్త్రీ అడ్వాన్సు లేకుండా ఆ భర్త ఊళ్లో ఉండగలగడం మార్పు. మీ రిజిస్టరులో ఇవి రెండూ కలిసిపోయి ఉన్నట్టున్నాయి. రెండవది, ‘బయటపడ్డారా, లేదా’ అని కాకుండా మెట్ల మీద చూడడం. సంక్షోభం, బలహీనం, నిలకడ, భద్రం, వృద్ధి అని ఐదు మెట్లు పెట్టి, ఇల్లు, తిండి, ఉపాధి, ఆరోగ్యం వంటి ఒక్కొక్క విషయంలో కుటుంబం ఏ మెట్టు మీద ఉందో చేరినప్పుడూ తరువాతా గుర్తిస్తారు. మీరు చెప్పిన ఇల్లు ఉపాధిలో బలహీనం నుంచి నిలకడకు ఎక్కి, ఆరోగ్యం కారణంగా అప్పు విషయంలో సంక్షోభానికి జారింది. ఒక్క ‘అవును’తో ఆ సంగతి చెప్పలేరు. మీ మూడుసార్ల సమస్య కూడా అక్కడ ఉంది. ఒకే సంస్థలో నాలుగు సేవలు పొందిన మనిషిని నలుగురుగా కాక ఒక్కరుగానే లెక్కించాలన్న నియమం పెట్టుకున్నారు. సంస్థకూ సంస్థకూ మధ్య మాత్రం ఇప్పటికీ తంటాలే.

లోపాలూ చెప్పాలి. కార్యకర్త తన కుటుంబాలకు తానే మెట్టు వేస్తాడు కనుక ఏడాది చివర అందరూ ఒక మెట్టు ఎక్కుతారు. నిధులు ఆ మెట్లను బట్టి వస్తాయని తెలిసినచోట, ఎక్కే అవకాశం ఉన్నవారినే చేర్చుకుని మంచానపడ్డవారిని వదిలేసే ప్రమాదం ఉంది. మా కార్యాలయంలో చేరిక రోజున ఒకరు, ఏడాది తరువాత మరొకరు మెట్టు వేయాలని నియమం పెట్టాక మెట్లు ఎక్కే వేగం కాస్త తగ్గింది.

జవాబు: ఉద్దానం ఆరోగ్య కార్యకర్త

అన్నయ్యగారూ, మా ప్రాంతపు మాట ఒకటి చెబుతాను. కిడ్నీ జబ్బుతో డయాలసిస్ చేయించుకునేవారికి ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. మంచిదే, అది లేకపోతే ఎన్నో ఇళ్లు నిలబడవు. కాని జీడితోటలో కూలికి వెళ్లే మనిషి మంచం పట్టిన తరువాత ఆ ఇంట్లోకి నెలనెలా కచ్చితంగా వచ్చే డబ్బు అంతకుముందుకన్నా ఎక్కువ కావచ్చు. ఆదాయం గడి ఒక్కటే చూసే అధికారికి ఆ ఇల్లు పైకి వచ్చినట్టు కనిపిస్తుంది. వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లే భార్య జీడిపిక్కల పని మానుకున్న సంగతి, పెద్దకొడుకు ఇంటర్ మధ్యలో వదిలి హైదరాబాదు వెళ్లిన సంగతి ఏ గడిలోనూ ఉండవు. మీరు పెట్టుకునే పట్టికలో ‘ఈ ఇంట్లో పని చేయగలిగినవారు నిరుడు ఎందరు, ఈ ఏడు ఎందరు’ అన్న ప్రశ్న తప్పక పెట్టండి.

జవాబు: చీపురుపల్లి గణాంకాల మాస్టారు

పై ముగ్గురూ ఏమి కొలవాలో చెప్పారు. కొలిచిన మార్పు మీ వల్లనే వచ్చిందా అన్నది ఇంకా మిగిలి ఉంది. దాతలు అడిగినదాంట్లో కష్టమైన భాగం అదే. నిజాయితీగా రాసే సంస్థలు తడబడేదీ, మిగిలినవి తడబడకుండా రాసేసేదీ కూడా అక్కడే.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు, సోంపేట వైపు కొబ్బరి, జీడి తోటలను పడగొట్టింది. ఆ నవంబరులో మీరు నష్టపోయిన కుటుంబాలను ఎంచుకుని ఏదో ఒక సాయం మొదలుపెట్టారనుకోండి. నాలుగేళ్ల తరువాత వెళ్లి చూస్తే చాలామంది పరిస్థితి బాగుపడి ఉంటుంది, ఎందుకంటే తిరిగి నాటిన జీడి మొక్క మూడు నాలుగేళ్లకు కాపుకు వస్తుంది. మీరు ఇచ్చినది సాయమే కావచ్చు, కాని ఇంటిని లేపినది మొక్క వయస్సు. కొబ్బరి తోట ఒక్కటే ఉన్న ఇల్లు మీరు ఎంత సాయం చేసినా ఇంకా లేవకపోవచ్చు, దానికి మరికొన్నేళ్లు పడుతుంది. బాగా కిందికి పోయిన సమయంలో ఎంచుకున్నవారు ఎంతోకొంత తమంతట తామే పైకి వస్తారన్నది గణాంకాలలో పాత పాఠం.

దీనికి గట్టి ఉదాహరణ తెలుగు నేల మీదే ఉంది. మెదక్ జిల్లాలో అతి నిరుపేద కుటుంబాలకు పశువులు, శిక్షణ, కొంత భత్యం ఇచ్చి చేసిన ఒక కార్యక్రమాన్ని లాటరీ పద్ధతిలో ఎంచిన మరికొన్ని కుటుంబాలతో పోల్చి చూశారు. సాయం అందినవారి పశువుల ఆదాయం పెరిగింది. సంస్థ నివేదిక అక్కడితో ఆగితే విజయగాథే. కాని సాయం అందనివారు అదే కాలంలో కూలి పనుల మీద అంతే పైకి వచ్చారు, సాయం అందినవారు పశువుల కోసం కూలి తగ్గించుకున్నారు. చివరకు నికరంగా తేడా కనిపించలేదు. ఇదే నమూనా ఇతర దేశాలలో మంచి ఫలితాలిచ్చింది కనుక నమూనా తప్పని అనను. పోల్చడానికి రెండో జట్టు లేకపోతే మెదక్‌లోనూ విజయమే నమోదయ్యేదని మాత్రం అంటాను.

పెద్ద సంస్థల్లా మీరు లాటరీలు వేయలేరు. కాని కుట్టు శిక్షణకు ఒక్కసారిగా అందరినీ తీసుకోలేరు కదా, పేరిచ్చి వరసలో ఉన్నవారు ఎప్పుడూ ఉంటారు. ఆ వరసలోని ఇళ్లను కూడా అవే ప్రశ్నలు అడగండి. ఊళ్లో ఆ ఏడాది అందరి పరిస్థితీ ఎలా ఉందో తెలుస్తుంది, దాన్ని మీ కుటుంబాల మార్పులోంచి తీసివేయండి.

మరొక పద్ధతి అనిరుధ్ కృష్ణ అనే పరిశోధకుడు రూపొందించినది. ఊరివారినందరినీ కూర్చోబెట్టి, చేతిలో నాలుగు డబ్బులు ఆడడం మొదలైతే నిరుపేద ఇల్లు ముందుగా ఏమి చేస్తుంది, తరువాత ఏమి చేస్తుంది అని మెట్లు వారిచేతనే చెప్పిస్తారు. ఏ మెట్టు దాటితే పేద ఇల్లు కాదో కూడా వారే తేలుస్తారు. ఆపై ఒక్కొక్క ఇల్లు ఇప్పుడు ఏ మెట్టు మీద ఉంది, పాతికేళ్ల కిందట ఏ మెట్టు మీద ఉండేది అని అడుగుతారు. తేదీలు ఎవరికీ గుర్తుండవు కనుక ఎమర్జెన్సీ వంటి గుర్తు వాడారు. మీరు హుద్‌హుద్ తుపానుకు ముందా, తరువాతా అని అడగవచ్చు. ఈ పద్ధతిలో నల్లగొండ, ఖమ్మం, తూర్పు గోదావరి జిల్లాలలో 36 గ్రామాలు చూస్తే, పాతికేళ్లలో 14 శాతం కుటుంబాలు పేదరికం నుంచి బయటకు రాగా 12 శాతం కొత్తగా అందులోకి జారాయి. ఎక్కినవారిని మాత్రమే లెక్కించి ఉంటే ఆ 12 శాతం ఎవరి కంటికీ కనబడేది కాదు. పైగా జారడానికి కారణాలలో అనారోగ్యం, వైద్య ఖర్చులు ముందు వరసలో నిలిచాయి. ఎక్కడానికి కారణాలు వేరు, జారడానికి కారణాలు వేరు అని ఆయన తేల్చిన మాటకు మీ తల లేని మిషను సాక్ష్యంలాగే ఉంది. కుట్టు శిక్షణ ఆమెను ఎక్కించింది, తుంటి ఎముకను ఆపడం దాని పని కాదు.

గడువు సంగతి కూడా చెప్పి ముగిస్తాను. వెలుగు సంఘాల మీద డైనింగర్, లియు అనే పరిశోధకులు చేసిన అధ్యయనాలలో, సంఘంలో కొద్దికాలమే ఉన్నవారి వినియోగంలో, ఆస్తులలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు, ఎక్కువకాలం ఉన్నవారిలో కనబడింది. ఏడాదికి ఒకసారి ‘బయటపడినవారు ఎందరు’ అని అడగడమే ఆ గడిలో ఉన్న అసలు పొరపాటు.

జవాబు: శ్రీకాకుళం, పాత వెలుగు ఉద్యోగిని

మాస్టారు గారి మాటలు ఒప్పుకుంటూనే ఒకటి అడ్డు చెబుతాను. వరసలో ఉన్నవారి ఇంటికి వెళ్లి చోళ్లు (రాగులు) ఎన్ని ఉన్నాయి, అప్పు ఎంత ఉంది అని గంటసేపు అడిగి, ఏమీ ఇవ్వకుండా లేచి రావడం కాగితం మీద సులువు. రెండోసారి వెళితే తలుపు వేసుకుంటారు, వేసుకోవాలి కూడా. ప్రశ్నలు పదికి మించకూడదు, వారి వంతు ఎప్పుడు వస్తుందో మొదటే చెప్పాలి. వెళితే అన్ని ఇళ్లకూ ఒకే నెలలో వెళ్లండి. కోతలైన తరువాత పుష్యంలో ఒక ఇంటికి, ఆషాఢంలో మరొక ఇంటికి వెళ్లి రెండూ పోల్చితే అది రుతువుల లెక్క అవుతుంది.

జవాబు: గజపతినగరం కార్యకర్త

అందరికీ కృతజ్ఞతలు. ఇన్నాళ్లు ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, సిరిమాను పండుగ పనులలో మునిగిపోయాను. ఆ గడిలో చివరకు అంకె రాయలేదు. దాని బదులు ఒక కాగితం జతచేశాను. అందులో కుటుంబాలను నాలుగు రకాలుగా చూపాను: ఎక్కి మూడేళ్లుగా నిలిచినవి, ఎక్కినా ఇంకా మూడేళ్లు కానివి, ఎక్కి జారినవి, అసలు కదలనివి. జారిన ప్రతి ఇంటికీ కారణం ఒక్క వాక్యంలో రాశాను. ఉద్దానం చెల్లెమ్మ చెప్పిన ‘పని చేయగలిగినవారు ఎందరు’ అన్న ప్రశ్న, శ్రీకాకుళం అమ్మ చెప్పిన అప్పుల లెడ్జరు, మాస్టారు చెప్పిన వరసలోని ఇళ్లు వచ్చే ఏడాది పట్టికలోకి వస్తాయి. మెట్టు వేసేది నేను కాదు, పక్క మండలంలోని మా సహోద్యోగి. ఆయన ఊళ్లకు నేను వేస్తాను. ఇప్పటికే నా మీద రెండు ఇళ్ల విషయంలో గొడవపడ్డాడు, అందులో ఒకటి ఆయనదే ఒప్పు.

దాతల కార్యాలయం నుంచి ఫోను వచ్చింది. కంప్యూటరులో ఆ గడి ఖాళీగా ఉంటే నివేదిక ముందుకు పోదట. మూడేళ్లు నిలిచినవాటి సంఖ్య ఒక్కటే అందులో వేయించి, జతచేసిన కాగితం చదవమని చెప్పాను. ఆ సంఖ్య నిరుడు మేము ప్రచారపత్రంలో వేసుకున్నదానిలో సగం కూడా లేదు. వారు ఏమంటారో చూడాలి.

ఆ మిషను తల దసరాకు ముందు ఇంటికి వచ్చింది. దేనితో విడిపించారని అడిగితే, సంఘంలో అప్పు తీసుకుని షావుకారుకు కట్టానని చెప్పారు. అమ్మా, ఇది ఎక్కినట్టా, అప్పు చేతులు మారినట్టా? పట్టికలో ఏమని రాయమంటారు?

జవాబు: శ్రీకాకుళం, పాత వెలుగు ఉద్యోగిని

షావుకారు వడ్డీ ఎంతో, సంఘం వడ్డీ ఎంతో పక్కపక్కన రాయండి బాబూ. సంఘం లెడ్జరులో ఆ అప్పు దేనికని రాశారో కూడా చూసి చెప్పండి. గేదె అని ఉంటే ఆశ్చర్యపోకండి.